పక్క గది నుంచి జవాబు

పలాసలో నేను నడిపే నెట్‌వర్కింగ్ క్లాసుకు కుసుమ జీడిపిక్కల ఫ్యాక్టరీలో పని ముగించుకుని వచ్చేది. అది 2004. ఆవేళ కేబుల్ కొసనున్న ఎనిమిది సన్నటి తీగలనూ రంగుల వరుసలో కనెక్టర్‌లోకి దూర్చమన్నాను. రెండుసార్లు ప్రయత్నించినా తీగలు జారి వరుస తప్పాయి. చూస్తే ఆమె చేతులనిండా ఆముదం! నాకు ఒళ్లు మండింది.

"ఇదేటమ్మా?" అని కసిరాను.

"పనిలో కూకునే ముందు రాసుకోడం అలవాటు సార్. నేకపోతే జీడికి సేతులు బొబ్బలెక్కిపోతాయి."

సబ్బుతో కడుక్కుని వచ్చి, నాకంటే వేగంగా తీగలు పేర్చి రెండు కొసలూ బిగించింది. ఆ కేబుల్‌తోనే మా గది కంప్యూటర్‌ను పక్క గదిలోదానికి కలిపాను.

"ఇప్పుడు పింగ్ కొట్టు. అవతలిదాన్ని పిలిచినట్టన్నమాట."

కొట్టింది. తెరమీద నాలుగు జవాబులు వరుసగా పడ్డాయి.

కుసుమ లేచి పక్క గదికి పరిగెత్తింది. తిరిగొచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఎవులూ నేరు సార్. అదే పలికింది!"

ఆరేళ్లుగా నేను రోజూ కొడుతున్న పింగే అది. కుర్చీ లాక్కుని మళ్లీ కొట్టాను. జవాబు వచ్చేదాకా ఊపిరి బిగబట్టాను.