ఎలీసమ్మ తెచ్చిన మందు

రెండో కాన్పయిన ఏడాదికి సూసన్న మొహం మీద మంగు కమ్మింది. ముందు ముక్కుదూలం మీద చిన్న మరకలా కనిపించింది. ఎండాకాలం గడిచేసరికి రెండు బుగ్గల మీదికీ పాకింది. ఆ బెంగాలీ ఊళ్లో తెలుగు రైల్వేవాళ్లుండే ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో కుళాయి దగ్గర నీళ్లకొచ్చే ఆడవాళ్లకి ఆ మరకలే కబుర్లయ్యాయి. ఒకామె లివరు పాడైందంది. ఇంకొకామె దిష్టి తగిలిందంది. సూసన్న ఎవరికీ బదులు చెప్పేది కాదు. బిందె నిండగానే కొంగు చెంపల మీదికి లాక్కుని ఇంటికొచ్చేసేది.

కోడలు అలా తల వంచుకుని నడవడం చూస్తే ఎలీసమ్మకి ప్రాణం ఉసూరుమనేది. ఆమెకు ఆడపిల్లల్లేరు. భర్త లోకో షెడ్డులో పనిచేసి రిటైరైన రెండేళ్లకే పోయాడు. ఒక్కడే కొడుకు విల్‌ఫ్రెడ్, వర్క్‌షాపు ఫౌండ్రీలో ఇనుము కరిగించే చోట పని. సూసన్న ఆ ఇంట అడుగుపెట్టిన రోజునుంచీ ఎలీసమ్మ ఆమెను పేరుకే కోడలనుకుంది. కడుపున పుట్టిన పిల్లకి చేసినట్టే తలంటి జడ వేసేది.

జాజికాయ పాలతో అరగదీసి రాసింది. ఎర్రచందనం రాసింది. శనగపిండి, నిమ్మరసం, ఎవరేం చెబితే అది చేసింది. మంగు మాత్రం చెక్కు చెదరలేదు.

"ఎందుకమ్మా దాని మొహం అలాగ తోమేస్తావు? మంగుంటే ఉన్నాది, బాగానే ఉన్నాది కదా," అనేవాడు విల్‌ఫ్రెడ్.

"నీకేటి తెలుసురా, ఆడమనిషి బాధ," అని కసిరేది తల్లి.

తొంభయ్యో సంవత్సరం క్రిస్మస్ ముందు ఎలీసమ్మ బజారుకెళ్లి, ఒక మందుల దుకాణంలో సంగతి చెప్పింది. దుకాణదారు రెండో మాట లేకుండా వేలెడంత ట్యూబు తీసి చేతిలో పెట్టాడు. రోజూ రాయమన్నాడు. ఎన్నాళ్లు రాయాలో అతను చెప్పలేదు, ఈమె అడగలేదు.

పది రోజుల్లో మంగు పలచబడింది. నెలకి మాయమైంది. అయినా ఎలీసమ్మ ట్యూబు అవగానే ఇంకోటి తెచ్చేది. సూసన్న మొహం పాలమీగడలా నున్నగా మెరిసింది. ఎలీసమ్మ ఆనందం అంతా ఇంతా కాదు. కోడల్ని కుళాయి దగ్గరికి తనే తోడుండి తీసుకెళ్లింది. "మా సూసన్న మొహం సూసినారా?" అని అడిగి మరీ చూపించింది. ఖాళీ ట్యూబు పట్టుకెళ్లి మూడిళ్లలో చూపించి, దుకాణం ఎక్కడుందో దారి కూడా చెప్పింది.

మే నెల వచ్చింది. బొగ్గుల పొయ్యి ముందు కూర్చుంటే సూసన్న బుగ్గలు కందిపోయేవి. మొదట్లో లేచి చన్నీళ్లు కొట్టుకుంటే తగ్గేది. తర్వాత ఆ ఎరుపు పొద్దంతా ఉండిపోయింది. చర్మం పల్చబడి కింద సన్నటి ఎర్రదారాల్లా నరాలు తేలాయి. గడ్డం చుట్టూ పొక్కులు లేచాయి. ఒకరోజు ట్యూబు మానితే మొహానికి కారం పూసినట్టు మండేది. రాస్తే చల్లారేది. చల్లారుతోంది కదా అని మళ్లీ రాసేది. అత్త అడిగితే పొయ్యి సెగనేది.

ఒక మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక ఎలీసమ్మ పెరట్లోకి వచ్చి చూస్తే, నీళ్ల డ్రమ్ము వెనకాల సూసన్న గొంతుక్కూర్చుని తడిగుడ్డ మొహానికి అదుముకుని ఉంది.

"ఏటే సూసన్నా? ఏటయినాది?"

ఎలీసమ్మ గుడ్డ లాగి చూసింది. ఎండ పడుతున్న ఆ మొహం చర్మం వలిచినట్టుంది.

"ఎన్నాళ్లయినాదే ఇలాగ?"

"నెల పైనే అయినాది అత్తా. ఎండకనుకున్నాను."

"నాతోటి సెప్పలేదేటి?"

సూసన్న నేలకేసి చూసింది. "నువ్వంత సంబరపడినావు గదా. ఎలాగ సెప్పను?"

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ రైల్వే ఆసుపత్రికి వెళ్లారు. డాక్టరమ్మ బెంగాలీ మనిషి, నడివయసుది. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, సూసన్న చెంపల్ని వేలి కొసతో తాకి చూసి, ఏం రాస్తున్నావని అడిగింది. ఎలీసమ్మ కొంగుముడి విప్పి ట్యూబు బల్ల మీద పెట్టింది. దాన్ని చూడగానే డాక్టరమ్మ మొహం ముడుచుకుంది.

"ఇది ఎవరు ఇచ్చారు నీకు?" అంది బెంగాలీలో.

"నేనే కొనుక్కున్నాను దీదీ," అంది సూసన్న ఠక్కున.

ఎలీసమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. "కాదమ్మా. అది నన్ను వెనకేసుకొస్తోంది. తెచ్చింది నేను, రాయించింది నేను," అంది, అదే భాషలో.

డాక్టరమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఆమె గొంతులో కోపం తగ్గింది. "కూర్చోండి మాసీమా," అని పిన్నిని పిలిచినట్టు పిలిచి, నెమ్మదిగా విప్పి చెప్పింది. ఆ ట్యూబులో ఉన్నది స్టెరాయిడ్. ఎగ్జిమాలాంటి జబ్బుకి, డాక్టరు చెప్పినన్నాళ్లు మాత్రమే రాయాల్సింది. నెలల తరబడి మొహానికి పూస్తే చర్మం ఉల్లిపొరలా పల్చనైపోతుంది, ఎర్రబడుతుంది, ఆ మందు లేకపోతే ఉండలేనంటుంది. ఒక్కసారిగా మానితే భగ్గుమంటుంది కాబట్టి తేలిక మందు రాసిస్తుంది, దాన్ని రోజు విడిచి రోజు రాస్తూ కొద్దికొద్దిగా తగ్గించాలి. అయినా కొన్ని వారాలు మంట తప్పదు. ఆ మంటకి భయపడి మళ్లీ పాత ట్యూబు పట్టుకుంటే కథ మొదటికొస్తుంది. సబ్బు వద్దు, పసుపు వద్దు, నిమ్మకాయ అసలే వద్దు. చన్నీళ్లు, ఆపైన పల్చగా వాసెలిన్ చాలు. ఎండలోకి గొడుగు లేకుండా వెళ్లకూడదు, పొయ్యి సెగ తగలకూడదు.

"మరి ఆ మంగు? లివరుదేనా?" అడిగింది ఎలీసమ్మ.

"లివరుకీ దానికీ సంబంధం లేదు. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో వచ్చే మార్పుకి ఎండ తోడైతే చాలామందికి వస్తుంది. వచ్చినా ప్రాణానికేం కాదు. ముందు ఈ మంట ఆరనివ్వండి."

దారిలో గొడుగు కోడలి తల మీదే పట్టి నడిచింది ఎలీసమ్మ. కొంతదూరం పోయాక అడిగింది. "అబద్ధం ఎందుకాడినావే?"

"డాక్టరమ్మ నిన్ను కేకలేస్తాదని," అంది సూసన్న. "నువ్వేటి కావాలని సేసినావా అత్తా? నామీద మాయతోటే, ఇష్టంతోటే గదా."

ఎలీసమ్మ నాలుగడుగులు వేసి, హఠాత్తుగా ఆగిపోయింది. తను ట్యూబు చూపించి వచ్చిన మూడిళ్లూ గుర్తొచ్చాయి.

ఆ రోజు అన్నం కూడా తినకుండా బయల్దేరింది. తప్పు ఒప్పుకోవడం ఆమెకు అలవాటు లేని పని. మొదటి రెండిళ్లలో విన్నారు, భయపడ్డారు, రేపే ఆసుపత్రికి వెళ్తామన్నారు. మూడో ఇల్లు నూకాలమ్మది. ఆమె నడుం మీద చెయ్యి వేసుకుని గుమ్మంలో నిలబడింది.

"నీ కోడలు మెరిసిపోయినాక, ఇప్పుడు మాకొద్దంటావేటి? మా గంగాభవానికి పది రోజులై రాస్తన్నాను. నలుపు ఇరిగినాది. నాను ఆపను."

గంగాభవాని ఆమె కూతురు, పదకొండేళ్ల పిల్ల. తల్లి వెనకనుంచి చూస్తోంది. ఎలీసమ్మ ఎంత చెప్పినా నూకాలమ్మ వినలేదు. తలుపు వేసేసుకుంది.

ఇంటికొచ్చి అరుగు మీద కూలబడిన అత్తని చూసి సూసన్న సంగతంతా అడిగి తెలుసుకుంది. వారం రోజులుగా ఆమె ఇరుగుపొరుగుకి మొహం చూపించలేదు. లేచి గొడుగు తీసింది.

"పద అత్తా."

"వద్దే! అందరూ సూస్తారు."

"సూడనీ. సూడ్డానికే గదా ఎల్తన్నాను."

కొంగు కప్పుకోకుండానే నడిచింది. సందులో ఆడవాళ్లు మాటలాపి చూశారు. ఆమె మెడ వంచలేదు. నూకాలమ్మ తలుపు తీసి, ఆ మొహం చూసి, చేతిలో చేట అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

"నాకూ ముందు మెరిసినాదక్కా. ఆర్నెల్లకి ఇలాగయినాది," అంది సూసన్న. "పిల్ల మొహమ్మీద వద్దు."

గంగాభవాని ముందుకొచ్చింది. "మండుతాదా పిన్నీ?"

"మండుతాదమ్మా. నీకొద్దు."

నూకాలమ్మ లోపలికెళ్లి ట్యూబు తెచ్చి ఎలీసమ్మ చేతిలో పడేసింది. కోపమో సిగ్గో, మొహం తిప్పుకుంది. కానీ మర్నాడు ఆసుపత్రి వరండాలో కూతురితో సహా కనిపించింది. పది రోజులే కాబట్టి పిల్లకి ఏమీ కాలేదని, మానేస్తే చాలని డాక్టరమ్మ చెప్పింది.

సూసన్నకి మాత్రం కష్టకాలం అప్పుడే మొదలైంది. మందు తగ్గించే కొద్దీ మొహం వాచింది, పొక్కులు పగిలాయి. రెండుసార్లు పాత ట్యూబు కావాలని ఏడ్చింది. రెండుసార్లూ ఎలీసమ్మ ఒళ్లో తల పెట్టించుకుని, తడిగుడ్డ మార్చి మార్చి వేస్తూ కూర్చుంది. విల్‌ఫ్రెడ్ తెల్లవారగానే లేచి, వర్క్‌షాపు మొదటి సైరన్‌కి ముందే అన్నం, పప్పు వండి వెళ్లేవాడు.

"రోజల్లా కొలిమి కాడ ఉండే మనిషివి, మళ్లీ పొయ్యి కాడేటి?" అని భార్య బాధపడితే, "నిప్పుతోటి ఎలాగుండాలో మాకు డ్యూటీలోనే నేర్పినారులే," అని నవ్వేవాడు. వాడి వంట ఉప్పెక్కువై నోట పెట్టలేకపోయినా, ఆ ఇంట్లో ఎవరూ ఒక్క మాటనలేదు.

వానలు పడి నేల చల్లబడ్డాక మంట తగ్గుముఖం పట్టింది. దసరా నాటికి ఎరుపు చాలావరకు పోయింది. చెంపల మీద రెండు మూడు ఎర్రదారాలు మాత్రం మిగిలాయి. ఒకరోజు తలంటుతూ ఎలీసమ్మ గుర్తుపట్టింది. ముక్కు మీద, బుగ్గల మీద మంగు మళ్లీ పల్చగా తొంగిచూస్తోంది. ఆమె చేతులు ఆగిపోయాయి.

"వచ్చీసినాదా అత్తా?" అడిగింది సూసన్న కళ్లు మూసుకునే. "రెండ్రోజులయి నానూ సూస్తన్నాను."

"డాక్టరమ్మ చలికాలంలో ఏదో మందిస్తానన్నాది గదా. ఆవిడ ఇస్తేనే రాద్దుము. నేకపోతే నేదు."

"ఇవ్వకపోయినా పరవాలేదత్తా. ఇది మండదు."

ఎలీసమ్మ నవ్వబోయి ఏడ్చింది. తడిచేతులతోనే కోడలి మొహాన్ని రెండు చెంపలా పట్టుకుంది, గట్టిగా నొక్కకుండా, అప్పుడే పుట్టిన బిడ్డని పట్టుకున్నట్టు. కుంకుడు రసం కళ్లలోకి కారుతోందని సూసన్న అరిచేదాకా వదల్లేదు.