మోట కడెంలో బంతి

ఒకే మ్యాచ్‌లో నలభై ఒక్క గోల్స్ వేసిన ఆటగాడు జహీరాబాద్‌లోనే ఉన్నాడన్న సంగతి 1960 జూలైలో ఊరందరికీ ఒకేసారి తెలిసింది. ఆ ఆటగాడి పేరు విరూపాక్ష. ఆ సంగతి ఊరికి చెప్పింది కూడా విరూపాక్షే.

అప్పటికి ఊళ్ళో కాలేజీ పెట్టి నెల కాలేదు. రెండు గదులు, ఒక గంట, ముప్పై ఇద్దరు పిల్లలు, ప్రిన్సిపాల్ చంద్రశేఖర్ గారు. వెనకాల కొంత ఖాళీ స్థలం. ప్రతి కాలేజీలోనూ ఒక బంతి ఆట ఉండి తీరాలని యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చింది. దాని వెనకే రైల్లో ఒక చెక్కపెట్టె వచ్చింది. అందులో గాలి తీసిన బాస్కెట్‌బాల్ ఒకటి, వలలు రెండు ఉన్నాయి. ప్రిన్సిపాల్ గారు ఆ వలలను కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి వెలుతుర్లో చూసి, చేపలు పట్టేవి కావని నిర్ధారించుకున్నాక, హైస్కూల్లో డ్రిల్లు మాస్టరు విరూపాక్షకు కబురు పెట్టారు. ఊళ్ళో మెడలో విజిల్ వేసుకుని తిరిగే మనిషి అతనొక్కడే. వయసు ఇరవై నాలుగు. ఒకసారి ఉత్తుత్తి సెలవు నోటీసు రాసి హైస్కూలు మొత్తాన్ని మధ్యాహ్నమే ఇంటికి పంపించిన ఘనుడు. ఆ రోజు హెడ్‌మాస్టరు గారు కూడా గొడుగు తీసుకుని బుద్ధిగా ఇంటికి పోయారు.

"మీకీ ఆట వచ్చా?" అని అడిగారు ప్రిన్సిపాల్ గారు.

"వచ్చుడేంది సార్. హైదరాబాద్‌ల మూసీ క్లబ్బు టీంల నాలుగేండ్లు ఆడిన. బొంబాయోళ్ళ మీద ఒక్క మ్యాచ్‌ల నలభై ఒకటి ఏసిన. రిఫ్రీ నిలబడి లెక్కపెట్టలేక కూసోని లెక్కపెట్టిండు."

ప్రిన్సిపాల్ గారు అబద్ధం ఆడే మనిషి కారు. ఎదుటివాడు ఆడతాడన్న ఊహ కూడా ఆయనకు రాలేదు. అక్కడికక్కడే విరూపాక్షను కాలేజీ కోచ్‌ని చేశారు.

నిజం ఏమిటంటే, రెండేళ్ళ క్రితం విరూపాక్ష మేనమామకు హైదరాబాద్ దవాఖానాలో ఆపరేషన్ అయింది. ఆ దవాఖానా వెనక ఒక మైదానం ఉంది. మేనమామ మత్తులో ఉండగా విరూపాక్ష ఆ మైదానం కంచె బయట నిలబడి, తన లెక్కన గంటా ముప్పావు సేపు, బాస్కెట్‌బాల్ చూశాడు. అతని నాలుగేళ్ళ అనుభవం మొత్తం ఆ గంటా ముప్పావే.

పెట్టెలో వలలు ఉన్నాయి గానీ, వాటిని తగిలించే ఇనుప కడేలు లేవు. అవి ఎంత వెడల్పు ఉండాలో చెప్పే కాగితమూ లేదు. కమ్మరి సంగయ్య కొలత అడిగాడు. విరూపాక్ష కళ్ళు మూసుకుని కంచె అవతలి దృశ్యాన్ని గుర్తు చేసుకున్నాడు. మోట బొక్కెన మూతి అంత ఉన్నట్టు గుర్తొచ్చింది. సంగయ్య దగ్గర సరిగ్గా మోట బొక్కెనలకు వేసే కడేలు రెండు సిద్ధంగా ఉన్నాయి. వాటిని చేయించుకున్న మొగుడంపల్లి రైతు ఈలోగా బావికి ఆయిల్ ఇంజను పెట్టుకుని, మళ్ళీ ఇటు రాలేదు. ఆ రెండూ స్తంభాలెక్కాయి.

డిసెంబరులో ప్రారంభోత్సవం. నాలుగు వేల మంది వచ్చారు. చాలకపోతే కోహీర్ నుంచి కొందరిని అరువు తెచ్చుకున్నారు. మొదటి బంతి కోచ్ గారే వేయాలని ప్రిన్సిపాల్ గారు కోరారు. విరూపాక్ష విజిల్ పక్కకు జరుపుకుని, గట్టిగా ఊపిరి పీల్చుకుని, బంతి విసిరాడు. అది కడేనికి మూడు గజాల పైనుంచి పోయి, గోడ దాటి, బొంబాయి రోడ్డు మీద వెళ్తున్న బెల్లం లారీలో పడింది. లారీ ఆగలేదు. బంతి హుమ్నాబాద్ చూసుకుని మూడో రోజు తిరిగొచ్చింది.

"గాలి సార్," అన్నాడు విరూపాక్ష. "గుల్బర్గా దిక్కెళ్ళి వస్తది. దాన్ని జర లెక్కల పెట్టుకోలే."

ప్రిన్సిపాల్ గారు తల ఊపారు. జనం కూడా ఊపారు. ఒక్క కోహీర్ కుర్రాడు, ఆరడుగుల బస్వరాజ్, పీయూసీ విద్యార్థి, పక్కకు తిరిగి నవ్వాడు.

విరూపాక్ష తన జన్మలో జనాన్ని చాలాసార్లు నవ్వించాడు. అన్నీ కావాలని నవ్వించినవే. తను అనుకోకుండా తన మీద ఒకడు నవ్వడం ఇదే మొదలు. ఆ రాత్రి అన్నం సయించలేదు. అబద్ధం వెనక్కి తీసుకోవడమా, లేకపోతే దాన్ని నిజం చేయడమా అని చాలాసేపు ఆలోచించాడు. రెండోదే తేలికనిపించింది. దాన్ని బట్టి అతనికి ఆ ఆట గురించి ఎంత తెలుసో చెప్పవచ్చు.

మర్నాటి నుంచి పాలవాళ్ళు లేవకముందే మైదానంలో ఉన్నాడు. రోజుకు మూడు వందల సార్లు బంతి వేశాడు. పద్దెనిమిది రోజులు ఒక్కటీ పడలేదు. పంతొమ్మిదో రోజు ఒకటి పడింది, చూసినవాళ్ళు లేరు. ఇరవయ్యో రోజు నుంచి పడని బంతి లేదు. పిల్లలకూ అంతే. ఏడాది తిరిగేసరికి జహీరాబాద్ కుర్రాళ్ళు కళ్ళు మూసుకుని వేస్తున్నారు, వెనక్కి తిరిగి వేస్తున్నారు, ఒకడైతే మాట్లాడుతూ మాట్లాడుతూ అటు చూడకుండానే వేస్తున్నాడు. ఇంత ప్రతిభ ఉన్న జట్టును చూసి తనకే భయం వేసిందని విరూపాక్ష ప్రిన్సిపాల్ గారికి చెప్పాడు.

1961 నవంబరులో హైదరాబాద్‌లో యూనివర్సిటీ టోర్నమెంటు. మొదటి మ్యాచ్‌లోనే యాభై ఎనిమిదికి రెండుతో ఓడిపోయారు. ఆ రెండూ ఎలా వచ్చాయో కూడా ఊళ్ళో ఎవరికీ తెలియలేదు. జహీరాబాద్ పిల్లలు వేసిన ప్రతి బంతీ కడేనికి తగిలి, గంట కొట్టినట్టు మోగి, బయట పడింది.

మ్యాచ్ అయ్యాక విరూపాక్ష ఒక బల్ల తెచ్చుకుని, స్తంభం దగ్గర ఎక్కి, జానతో ఆ కడేన్ని కొలిచాడు. రెండు జానలు. ఊళ్ళో తను కట్టించింది మూడు జానలకు పైన. బల్ల దిగడానికి కాసేపు పట్టింది.

కింద బస్వరాజ్ నిలబడి ఉన్నాడు. "సార్, మన కడెంల గుమ్మడికాయ పడుతది," అన్నాడు. "ఈడ నిమ్మకాయ గూడ ఆలోచన చేసి పడుతది."

నలభై ఒకటి వేసిన మనిషికి కడెం కొలత తెలియదా అని ఆ కుర్రాడు అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని విరూపాక్షకు అనిపించింది. "మొదలు పెద్దదాంట్ల నేర్పియ్యాలె, తర్వాత చిన్నది. గది పద్ధతి," అని మరో అబద్ధం ఆడాడు.

ఊరికి రాగానే కాలేజీ కమిటీ కూర్చుంది. కమిటీలో ఉన్నవాళ్ళు ముగ్గురు, ముగ్గురూ అల్లం వ్యాపారులు. శొంఠి ఆరబెట్టుకోవడానికి వాళ్ళకు చదునైన స్థలం కావాలి. విరూపాక్ష రోజూ తొక్కి తొక్కి చదును చేసిన మైదానం వాళ్ళ కళ్ళ ముందే ఉంది. ఇంకో రెండేళ్ళు చూస్తామన్నారు. ఆలోగా ఒక్క మ్యాచ్ అయినా గెలవకపోతే ఆట బందు, కోచ్ బందు, మైదానంలో శొంఠి.

విరూపాక్ష సంగయ్య దగ్గరికి పోయి, బంతిని ముందు పెట్టి, దీని చుట్టూ వేలెడు సందు ఉండేట్టు కడేలు చేయమన్నాడు. అంటే అసలు ఉండాల్సినదానికంటే చాలా చిన్నవి. పెద్దదానితో ఒకసారి దెబ్బ తిన్నాడు, ఇక చిన్నదానితో ఏమైనా సరే అనుకున్నాడు.

"దీంట్ల బంతి పోవాలంటే సబ్బు పెట్టాలె సారూ," అన్నాడు సంగయ్య.

"పెట్టం. అట్లనే పోవాలె," అన్నాడు విరూపాక్ష.

అప్పటికే ఇంకో చిక్కు వచ్చింది. కోహీర్‌లో జామకాయ కోతలు మొదలై, బస్వరాజ్‌ను వాళ్ళమ్మ మహాదేవమ్మ తోటకు పిలిపించుకుంది. వాడు లేకపోతే జట్టు లేదు. విరూపాక్ష కోహీర్ పోయాడు. తోటలో బస్వరాజ్ చెట్టు మీద ఉన్నాడు, మహాదేవమ్మ కింద ఉంది. వాడు చూడకుండా కాయ విసురుతున్నాడు, ఆమె చూడకుండా పట్టుకుని గంపలో వేస్తోంది. గంట నిలబడ్డా ఒక్క కాయ కింద పడలేదు, ఒక్కదానికీ దెబ్బ తగల్లేదు. విరూపాక్ష తను వచ్చిన పని మరిచిపోయాడు. తన జట్టులో బంతిని చెంపదెబ్బలా అందుకునేవాళ్ళే అందరూ. అది చేతికి తగిలి ఎగిరిపోయేది.

చెప్పులు విడిచి, తనకూ నేర్పమని అడిగాడు. ఆమె నవ్వలేదు.

"కాయకు ఎదురు పోవద్దు సారూ," అన్నది మహాదేవమ్మ. "వచ్చేదాన్ని రానియ్యాలె. చెయ్యి గూడ దానితోని ఇంత దూరం ఎనకకు పోవాలె. మనం పట్టుకున్నట్టు కాయకు తెల్వద్దు."

మొదటి రోజు విరూపాక్ష పట్టిన కాయలన్నీ కమిలాయి. పాడు చేసినవాడే తినాలని ఆ తోటలో నియమం. అతను నాలుగు రోజులు జామకాయలు తప్ప వేరే తిండి ఎరగడు. ఐదో రోజు గంపెడు కాయల్లో ఒక్కటే కమిలింది. అప్పుడు ఆమెతో ఒక ఒప్పందం చేసుకున్నాడు: ఆదివారం ఆదివారం జట్టు మొత్తం వచ్చి కాయలు కోసి పెడుతుంది, మిగతా రోజులు బస్వరాజ్ కాలేజీకి వస్తాడు. ఆ చలికాలం జహీరాబాద్ బాస్కెట్‌బాల్ జట్టుకు కోచ్ మహాదేవమ్మే. విజిల్ మాత్రం విరూపాక్ష ఊదాడు.

నెలకోసారి హైదరాబాద్ బస్సెక్కి, ఆ పాత కంచె బయటే నిలబడి, ఆటగాళ్ళు ఎవరెటు పరిగెత్తుతున్నారో అగ్గిపెట్టె మీద గీసుకొచ్చేవాడు. డబ్బా నిండితే ఇంకో డబ్బా కొనేవాడు. ఇంట్లో అగ్గిపుల్లలు పొయ్యి కింద కట్టెలంత పోగయ్యాయి. 1962లో మళ్ళీ ఓడిపోయారు, తొమ్మిది తేడాతో. కమిటీలో ఒకాయన మైదానాన్ని అడుగులేసి కొలుచుకుని పోయాడు. విరూపాక్ష మర్నాడు పొద్దున్న మూడు వందలకు బదులు ఐదు వందలు వేశాడు.

1963 నవంబరు ఆఖరి అవకాశం. బస్వరాజ్‌కు కాలేజీలో అదే చివరి ఏడు. ప్రిన్సిపాల్ గారు ఈసారి స్వయంగా హైదరాబాద్ వచ్చి, కమిటీకి పంపాల్సిన కాగితాలు చంకలో పెట్టుకుని ముందు వరసలో కూర్చున్నారు. ఎదుటి జట్టు నగరం జట్టు. వాళ్ళ కోచ్ మదన్‌మోహన్ గారు పొడుగాటి మనిషి, తెల్ల ప్యాంటు, తక్కువ మాట.

ఆట మొదలవగానే ఒక సంగతి తేలింది. సంగయ్య కడేలకు అలవాటు పడిన పిల్లలకు హైదరాబాద్ కడేలు బావుల్లా కనబడుతున్నాయి. వేసినవి వేసినట్టు పడుతున్నాయి. నగరం వాళ్ళు వేగంలో ఎక్కువ, కాబట్టి వాళ్ళకూ పడుతున్నాయి. ఇంకా నిమిషం ఉందనగా నలభై మూడు, నలభై రెండు. నగరం ముందు.

విరూపాక్ష ఆట ఆపించి పిల్లలను దగ్గరకు పిలిచాడు. అరవలేదు. "బస్వరాజ్‌కు ఇయ్యున్రి," అన్నాడు. "ఎంత గట్టిగ ఇసిరినా సరే, వాడు పట్టుకుంటడు. శొంఠికి ఇంకో జాగ చూసుకొమ్మని చెప్పి పోదాం."

చివర్లో మైదానం ఆ కొస నుంచి ఒకడు భయంతో బంతి విసిరాడు. అది వచ్చిన వేగానికి రిఫరీ తల వంచుకున్నాడు. బస్వరాజ్ చేతులు బంతితో పాటే వెనక్కి వెళ్ళాయి, బంతి చప్పుడు లేకుండా ఆగింది. తిరిగి వేశాడు. అది కడేనికి తగలకుండా వలలోంచి దిగింది. నలభై నాలుగు, నలభై మూడు.

పిల్లలు విరూపాక్షను ఎత్తుకున్నారు, దించారు, మళ్ళీ ఎత్తుకున్నారు. ప్రిన్సిపాల్ గారు కండువాతో కళ్ళద్దాలు తుడుచుకుంటూ వచ్చారు. ఆయన వెనకే మదన్‌మోహన్ గారు వచ్చి చెయ్యి కలిపారు.

"మీ పిల్లలు బంతి అందుకునే తీరు నేనెక్కడా చూడలేదు. మీరు ఎవరి తరఫున ఆడేవారు?" అని అడిగారు.

విరూపాక్ష నోరు తెరిచేలోగా ప్రిన్సిపాల్ గారు అందుకున్నారు. "మూసీ క్లబ్బు. నాలుగేళ్ళు. బొంబాయి మీద ఒక్క మ్యాచ్‌లో నలభై ఒకటి," అన్నారు, తన కొడుకు గురించి చెప్పుకుంటున్నట్టు.

మదన్‌మోహన్ గారు కాసేపు విరూపాక్ష మొహం చూశారు. "మూసీ క్లబ్బుకు ఏడేళ్ళు నేనే కెప్టెన్ని," అన్నారు. అందులో ఎగతాళి లేదు. నిజంగానే గుర్తు తెచ్చుకోవడానికి చూస్తున్నారు.

విరూపాక్షకు ఒక్క క్షణంలో మూడు అబద్ధాలు తోచాయి. వేరే పేరుతో ఆడానని ఒకటి. రెండో జట్టులో ఆడానని ఒకటి. స్పృహ తప్పి పడిపోవడం మూడోది, అదే అన్నిటికంటే బాగుంది. కానీ చుట్టూ పిల్లలు నిలబడి ఉన్నారు, ఇంకా రొప్పుతూనే ఉన్నారు. ఇవాళ్టి నలభై నాలుగు నిజం. ఇప్పుడు ఇంకోటి ఆడితే, ఈ నలభై నాలుగు కూడా పోయి ఆ నలభై ఒకటి పక్కన కూర్చుంటుంది.

"ఆడలే సార్," అన్నాడు. "ఒక్కనాడు గూడ ఆడలే. కంచె బయట నిలబడి చూసిన. గంట ముప్పావు అని నాకు నేనే చెప్పుకుంట తిరుగుతున్న గని, అది గూడ కాదు. మా మామకు తెలివొచ్చిందని అరగంటకే పిలిసిన్రు."

మొదలుపెట్టాక ఇక ఆపడం అతని వల్ల కాలేదు. గుల్బర్గా గాలి లేదన్నాడు. పెద్ద కడెం పద్ధతి కాదు, తెలియనితనం అన్నాడు. బంతి అందుకోవడం తను నేర్పలేదనీ, ఎవరు నేర్పారో బస్వరాజ్‌కు తెలుసనీ అన్నాడు. బస్వరాజ్ ఈసారి నవ్వలేదు. బంతిని చంకలో పెట్టుకుని నేల చూస్తూ నిలబడ్డాడు.

ప్రిన్సిపాల్ గారు చంకలోని కాగితాలు తీసి, కళ్ళద్దాలు పెట్టుకుని, చాలాసేపు వెతికి ఒక గడి దగ్గర వేలు పెట్టారు.

"ఇక్కడ 'కోచ్ ఆడిన అనుభవం' అని ఉంది. ఏం రాయమంటారు?"

"సున్న పెట్టున్రి సార్."

"ఆట నేర్పిన అనుభవం?"

"మూడేండ్లు. ఓడినయి గూడ రాయున్రి, యాభై ఎనిమిది రెండు కాడికెళ్ళి. ఒక్కటి గూడ దాపెట్టకున్రి," అన్నాడు విరూపాక్ష. "మల్ల ఆ రెండు గూడ మనయి కావు సార్. అవుతలి టీమోడు పొరపాటున తన కడెంలనే ఏసుకున్నడు."