మందు సీసా, నూనె సీసా

డిసెంబరు ఆరో తేదీ. ఆ మధ్యాహ్నం గంగరాజు గ్లాసుడు చోడి అంబలి, అదే రాగి జావ, తాగాడు, ఉప్పులో ఊరిన నిమ్మకాయ ముక్క నంజుకుంటూ. తాగింది కక్కుకోలేదు. పైపెచ్చు గ్లాసు అడుగున మిగిలింది కూడా వేలితో తీసుకుని నాకాడు. లోకంలో ఎవరికీ పట్టని ఆ సంగతిని వరాహనరసింహం గారు పెళ్లిరోజును గుర్తుంచుకున్నట్టు గుర్తుంచుకున్నారు. ఎందుకో తెలియాలంటే వానాకాలం నుంచి చెప్పుకురావాలి.

వరాహనరసింహం గారు ఒడిశాలోని దామంజోడి ఫ్యాక్టరీలో మీటర్లు బాగుచేసే టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యారు. భార్య బాలాత్రిపురసుందరి జబ్బు కోసం రాయగడ వచ్చి, ఆసుపత్రికి దగ్గర్లో ఇల్లు అద్దెకు తీసుకున్నారు. ఆవిడ పోయాక ఆ ఊరు వదిలి వెళ్లడానికి ఆయనకి మనసు రాలేదు. ఆఖరి నెలల్లో సాయంత్రం పూట ఆయనే గోరువెచ్చని నువ్వులనూనెతో ఆవిడ పాదాలు రాసేవారు. నొప్పి పోయేది కాదు గాని, కాసేపు ఆవిడ నుదుటి మీద ముడి విడిపోయేది. అది చూసిన డాక్టర్ మేధ, తరవాత కేన్సర్ వార్డు పక్కన ఓ గది తెరిచినప్పుడు ఆయన్ని పిలిచింది. ఆ గదిలోనూ, వార్డులో మంచాల దగ్గరా మర్దన చేస్తారు, ఊపిరి కసరత్తు చేయిస్తారు, మధ్యాహ్నాలు పాటలు పాడతారు. ఇవన్నీ మందుతో పాటే తప్ప మందు మానేసి కాదని మేధ ప్రతి రోగికీ మొదటే చెప్పేది. ఎక్కడ ముట్టుకోకూడదో, ఎంత మెల్లగా రాయాలో ఒక నర్సు ఆయనకు నేర్పింది.

అంతా నేర్చుకున్నాక తెలిసింది, ఆయన చేత పాదాలు రాయించుకోవడానికి ఒక్కరూ ఒప్పుకోరని. తెల్లజుట్టు, జంధ్యం ఉన్న పెద్దాయన వంగి కాళ్లు పట్టుకోబోతే ఎవరు ఊరుకుంటారు? చెయ్యి అలా ముందుకు వెళ్లగానే కాళ్లు ఇలా దుప్పట్లోకి పోయేవి.

గంగరాజు అయితే ఏకంగా మంచం మీద లేచి కూర్చున్నాడు. బంధుగాం బజారులో మిషను కుట్టే మనిషి. పేగు కేన్సరుకి ఆపరేషనయి, కీమోకి వస్తున్నాడు.

"మీసేత కాళ్లు ముట్టించుకుని నానెక్కడికి పోవాల పంతులుగారూ? రోగమంటే మందుకి పోద్ది. ఈ పాపం దేనికి పోద్ది?"

పక్కనే ఉన్న భార్య చిన్నమ్మి అందుకుంది. "నాసేత రోజూ పట్టించుకుంతావు కదేటి మావా. అప్పుడు నేని పాపం ఇప్పుడెక్కడ్నించి వొచ్చింది?"

వార్డంతా నవ్వింది. కాళ్లు వద్దు, చేతులైతే పరవాలేదని అక్కడికక్కడే రాజీ కుదిరింది.

చేతుల్లోకి తీసుకున్నాక వరాహనరసింహం గారికి ఆ వేళ్ల చివర సూదిపోట్లు కనిపించాయి. కొన్ని పాతవి, కొన్ని పచ్చివి. అడిగితే గంగరాజు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. కీమో మొదలయ్యాక వేళ్లు మొద్దుబారాయట. సూది దిగినట్టు గుడ్డ మీద రక్తం చూస్తే గాని తెలియడం లేదట. టైలరు చేతులు పోయాయని బంధుగాంలో తెలిస్తే ఇంకెవరూ జాకెట్టు గుడ్డ ఇవ్వరని అతని భయం. ఇది డాక్టరమ్మతో చెప్పాల్సిన మాట అన్నారాయన. వచ్చేసారి చెప్తానన్నాడు. ఆయన నమ్మారు.

ఆ రోజు ఒక్కొక్క వేలూ రాస్తుండగానే గంగరాజు నిద్రపోయాడు. లేచాక దుప్పటి అంచు రెండు వేళ్ల మధ్య పట్టుకుని, కుట్టు తగులుతోందని ముఖం విప్పార్చుకుని చెప్పాడు. అప్పట్నుంచి వచ్చినప్పుడల్లా మందు ఒక చేతికి ఎక్కుతుంటే రెండో చెయ్యి ఆయన ముందుకు చాచేవాడు.

నవంబరులో ఓసారి కీమోకి రావలసిన రోజున రాలేదు. ఆ వారాంతంలో ఒక సాయంత్రం తిన్నగా వరాహనరసింహం గారి ఇంటికే వచ్చాడు, బుట్టెడు సీతాఫలాలతో. బుట్ట అరుగు మీద దించి, బాగా ఆలోచించుకున్నవాడిలా చెప్పాడు.

"ఆ సీసా ఎక్కినకాడ్నించీ సేతులు పోతన్నాయి. మీరు రాసినకాడ్నించీ వొస్తన్నాయి. ఇంక ఆ సీసా ఎందుకు? వారం వారం ఇక్కడికే వొస్తాను. మీ సేతులే సాలు నాకు."

ఆ మాట వరాహనరసింహం గారికి తియ్యగానే తగిలింది. భార్య పోయాక ఆయన చేతుల కోసం ఎదురుచూసినవాళ్లు లేరు. నూనె గిన్నెతో ఈ అరుగు మీద వారం వారం ఓ మనిషి పక్కన కూర్చోవడం ఒక్క క్షణం కళ్లకు కట్టింది కూడా. అప్పుడు గేటు దగ్గర చిన్నమ్మి కనిపించింది. లోపలికి రావడం లేదు. ఆయనకేసే చూస్తోంది, డాక్టరు గది బయట నిలబడి తలుపుకేసి చూసేవాళ్లలాగా.

ఆయన గంగరాజుని లోపలికి తీసుకెళ్లి గోడ మీద ఫొటో చూపించారు.

"ఆఖరి రోజుదాకా ఈవిడ పాదాలకి నూనె రాశాను. నా చేతుల్లో మందే ఉంటే గంగరాజూ, ఇప్పుడు నీకు మంచినీళ్లు ఈవిడే ఇచ్చేది."

గంగరాజు ఫొటోకేసి చూశాడు. ఆయనే మళ్లీ అన్నారు.

"మందు సీసా వేలాడుతుంటేనే నా నూనె సీసా మూత తీస్తాను. ఇంటి దగ్గర రాయను. కోపమొచ్చినా సరే."

కోపమే వచ్చింది. అంతేనా అని ఒక్క మాట అడిగి, మంచినీళ్లు కూడా ముట్టకుండా వెళ్లిపోయాడు. కఠినంగా అన్నానేమో, మనిషి చెయ్యిజారిపోయాడేమో అని వరాహనరసింహం గారికి అన్నం సహించలేదు. తెల్లవారగానే ఆసుపత్రికి వెళ్లి, మెట్ల మీద కూర్చున్నారు. ఎండ మెట్ల మీదికి వచ్చేవేళకి చిన్నమ్మి కనిపించింది, సంచితో ముందు. వెనక గంగరాజు.

"రాత్రి ఊరికెల్లే ఆకరి బస్సొచ్చింది పంతులుగారూ," అంది చిన్నమ్మి. "సంచి ఎక్కించేడు. మళ్లీ తనే దించీసేడు. నాను నోరెత్తనేదు."

డాక్టర్ మేధ ముందు గంగరాజు రెండు చేతులూ బల్ల మీద పరిచాడు, కొలతకి గుడ్డ పరిచినట్టు. వరాహనరసింహం గారు పక్కనే నిలబడ్డారు. సూదిపోట్ల సంగతి మొత్తం గంగరాజే చెప్పాడు. ఆమె కోప్పడలేదు. కళ్లు మూసుకుని చొక్కా బొత్తాలు పెట్టుకోమంది, పెట్టుకుంటుంటే చూసింది. వేళ్లను బాధించేది ఫలానా మందని, దాని మోతాదు తగ్గిస్తానని, ముందే చెప్తే ముందే తగ్గించేదాన్నని అంది. వైద్యం ముగిశాక స్పర్శ మెల్లగా తిరిగి రావచ్చు, పూర్తిగా రాకపోవచ్చు కూడా అని దాచకుండా చెప్పింది.

"సగం వొచ్చినా సాలమ్మా. జేబులు కుట్టుకుంతాను," అన్నాడు గంగరాజు.

ఆ రోజు మందు సీసా వేలాడాక నూనె సీసా మూత తీశారు వరాహనరసింహం గారు. తరవాతి కీమోకి గంగరాజు తారీఖు తప్పకుండా వచ్చాడు. అదే డిసెంబరు ఆరు. ఎప్పుడూ సగంలోనే వాంతులు మొదలయ్యే మనిషి, ఆ మధ్యాహ్నం అంబలి అడిగి మరీ తాగాడు.

సాయంత్రం వార్డులో దీపాలు తగ్గించారు. సీసాలోంచి మందు ఇంకా చుక్క చుక్కగా దిగుతోంది. గంగరాజు కళ్లు మూసుకుని ఉన్నాడు. దుప్పటి చాలక ఓ పాదం బయటికి వచ్చింది, మడమంతా చలికి పగిలి ఉంది. వరాహనరసింహం గారు కాసేపు తటపటాయించి, అరచేతిలో నాలుగు చుక్కలు నూనె వేసుకుని, మెల్లగా రాశారు. పాదం వెనక్కి పోలేదు.

కింద చాప మీద ఉన్న చిన్నమ్మి గుసగుసగా అంది. "నిద్దరోతే పాపం నేదులెండి."

గంగరాజు కళ్లు తెరవలేదు గాని, పెదవి నవ్వుకి ఒక పక్కకి కదిలింది. వరాహనరసింహం గారు చూడనట్టే ఊరుకున్నారు. రెండో మడమకి కూడా రాసి, పాదాల మీదికి దుప్పటి లాగి, బయటికి వచ్చి, గొళ్లెం చప్పుడు కాకుండా వేలు అడ్డుపెట్టి తలుపు దగ్గరగా వేశారు.