పగులు పట్టే కళ్ళు

సీసాల ఫ్యాక్టరీలో ఆవిణ్ణి అందరూ డేగకళ్ళావిడ అనేవాళ్ళు. తెల్లటి లైటు ముందు సీసాలు బారులు తీరి పోతుంటే, వెంట్రుకంత పగులున్నా టక్కున పట్టేసేది. ఇంట్లోనూ అదే చూపు. మూలన బూజు, సరిగా తోమని గిన్నె, ఏదీ తప్పించుకునేది కాదు. "నీ కళ్ళ ముందు దేవుడైనా కాపురం చెయ్యలేడు తల్లీ!" అని అత్తగారు సణిగేది. సణిగినా, కొడుకు పోయాక ముసలావిడకి ఆ కోడలి జీతమే దిక్కు.

ఒకరోజు మేనేజరు లైటు పక్కన కెమెరా పెట్టించాడు. "పాడు సీసా కనబడినప్పుడల్లా ఈ మీట నొక్కమ్మా. మిషను చూసి నేర్చుకుంటుంది. ఆ తర్వాత దాని మీద సూపర్‌వైజరువి నువ్వే," అన్నాడు.

సూపర్‌వైజరు! కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం! ఏళ్ళ తరబడి నిలబడి మోకాళ్ళు అరిగిన మనిషికి అంతకన్నా ఏం కావాలి?

ఇదివరకు మూతలు బిగించిన ఆయన వచ్చి ఆవిడ చెవిలో ఊదాడు. "అక్కా, మధ్యమధ్యలో తప్పు నొక్కు. నన్ను చూసైనా బుద్ధి తెచ్చుకో." పాపం, మిషనుకి నేర్పిన దగ్గర్నుంచి ఆయన చేతులు బిగించడం మర్చిపోయాయి. చొక్కా గుండీలు కూడా పెళ్ళామే పెడుతోంది. ఆ ఫ్యాక్టరీలో అది మామూలే. మిషనుకి నేర్పింది నేర్పినవాళ్ళ దగ్గర మిగలదు.

"నేనా? తప్పు నొక్కడమా?" అందావిడ. ఎంత పొగరో చూడండి! ఒక్కటి తప్పు నొక్కితే ఒట్టు.

ముందు ఆవిడకి గాజులోని గాలిబుడగలు కనబడ్డం మానేశాయి. తర్వాత గీతలు, ఆ తర్వాత పగుళ్ళు. చివరికి తప్పన్నదే ఆవిడ కంటికి ఆనకుండా పోయింది. అత్తగారి సంబరం ఇంతా అంతా కాదు. కూర మాడ్చి పెట్టినా కోడలు "బాగుందత్తయ్యా" అని తినేస్తోంది. "ఇన్నాళ్ళకి మనిషివయ్యావే!" అని మురిసిపోయింది.

మేనేజరు పిలిచి బల్ల మీద సీసాలు పెట్టాడు. "మిషను ఇవి పాడు సీసాలంటోంది. నిజమో కాదో చెప్పు. చెబితే కుర్చీ నీదే."

ఆవిడ ఒక్కొక్కటీ లైటుకేసి పట్టి చూసింది. "అన్నీ నిక్షేపంగా ఉన్నాయి సార్."

ఒకదాని మూతి విరిగిపోయి ఉంది. ఆవిడ వేలు తెగి నెత్తురు బల్ల మీద కారుతోంది.

"మిషనే నయం కదమ్మా," అన్నాడు మేనేజరు. అతనికి ముందే తెలుసు, వెధవకి. రేపట్నుంచి రావద్దన్నాడు.

విషయం విని అత్తగారు లబోదిబోమంది. "వాళ్ళ కళ్ళు పేలిపోనూ! నీ చూపు లాక్కుని నిన్నే గెంటేస్తారా? వెళ్ళి నిలదియ్యవే!"

"ఎందుకత్తయ్యా? వాళ్ళు చేసినదాంట్లో నాకేం తప్పు కనబడలేదు," అంది కోడలు నవ్వుతూ. "ఏడవకండి, కాసిని నీళ్ళు తాగండి."

ముసలావిడ గ్లాసు అందుకుని, ఎన్నడూ లేనిది, వెలుగుకేసి పట్టి చూసింది. అంచు పగిలి ఉంది. పగలని వైపు తిప్పుకుని తాగింది.