పడుకోబెడితే చాలన్నాడు

"అయ్యో, పోయిందండీ!"

ముందు గదిలోంచి ఈ కేక వినబడిందంటే డ్రైవరుగారి ఇంట్లో కంప్యూటర్ మళ్ళీ ఆగిపోయిందన్నమాట. వంటింట్లో గిన్నెలు తోముతున్న ఆయన సబ్బు చేతులతోనే పరిగెత్తుకొచ్చాడు. తెర నల్లగా ఉంది. దాని ముందు భార్య బుగ్గన చెయ్యి పెట్టుకుని కూర్చుంది. బల్ల కింద ఉన్న కంప్యూటర్ డబ్బా మీద చెయ్యి వేస్తే చురుక్కుమంది.

"ఎంతవరకు వచ్చావ్?" అన్నాడు.

"డిటెక్టివ్ అందర్నీ హాల్లోకి పిలిచాడు. గొంతు సవరించుకున్నాడు. 'హంతకుడు ఈ గదిలోనే ఉన్నాడు' అన్నాడు. ఠప్పున పోయింది."

"నిన్నా అక్కడే పోయిందిగా?"

"మొన్న కూడా," అందావిడ నీరసంగా.

ఉద్యోగమంతా బస్సు నడిపి రిటైరయ్యాక, "ఇన్నాళ్ళూ నువ్వు వండిపెట్టావు, ఇక కూర్చుని రాసుకో" అని గరిట తను పుచ్చుకుని భార్యని ఆ కుర్చీలో కూర్చోబెట్టింది డ్రైవరుగారే. ఆవిడ రాసిన హత్యా నవల ఇప్పుడు వారపత్రికలో సీరియల్‌గా వస్తోంది. పొద్దున్నే రైలెక్కాల్సిన పెద్దింటి యజమాని తమ్ముడు మంచం మీదే శవమై తేలడంతో కథ మొదలు. వకీలు మీద అనుమానం, డాక్టరు మీద అనుమానం, మేనల్లుడి మీద మరీ అనుమానం. జైలు నుంచి విడుదలై కొత్తగా పనిలో చేరిన కాపలావాడు మాత్రం వారం వారం గేటు దగ్గర నిలబడి కళ్ళు తుడుచుకుంటూ ఉంటాడు. వీధి వీధంతా చదువుతోంది.

ఒక్క ఆఖరి భాగమే మిగిలింది. అది శుక్రవారానికి అందకపోతే ఆఫీసులోనే ఎవరిచేతో ముగింపు రాయించి వేసేస్తామని ఎడిటరు ఫోన్‌లో చావు కబురు చల్లగా చెప్పాడు. అప్పట్నుంచీ ఆవిడకి తిండి సయించడం లేదు. "నా హంతకుణ్ణి ఎవరో పరాయివాడు పట్టుకుంటాడా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"పోనీ చేత్తో రాయకూడదూ?" అని డ్రైవరుగారు కాగితాలూ పెన్నూ తెచ్చి ముందు పెట్టాడు. ఆవిడ వాటిని పురుగుని చూసినట్టు చూసింది. టైపు చేస్తే తప్ప తనకి తోచదంది. రచయితలకి ఇలాంటి పట్టింపులుంటాయి కాబోలనుకుని ఆయన వాటిని తీసి లోపల పెట్టేశాడు.

వేడి సంగతి తనకి ఒకళ్ళు చెప్పాలా అని ఆయన ధీమా. కొండ దారుల్లో బుసకొట్టే ఇంజిన్లని ఎన్నింటిని చల్లార్చలేదు! డబ్బా మీద ఆవిడ ముచ్చటపడి కుట్టిన పువ్వుల ముసుగు తీయించాడు. బల్ల కింది అరలో గోడకి అతుక్కుపోయి ఉన్నదాన్ని జానెడు ముందుకి లాగాడు. వెనకవైపు జాలీని పాత టూత్‌బ్రష్షుతో దులిపితే గుప్పెడు బూజు రాలింది. టేబుల్ ఫ్యాన్ తెచ్చి డబ్బాకి ఎదురుగా పెట్టాడు. దాంతో మనుషులకి చెమటలూ డబ్బాకి చల్లగాలీ అన్నట్టు తయారైంది ఇల్లు.

పక్కింటి వదినగారు వచ్చి పైటచెంగుతో విసురుకుంటూ, "ఇంతకీ చంపిందెవరు వదినా? వకీలేనా? నాకొక్కదానికే చెప్పు, ఎవరికీ చెప్పను," అంది. ఆవిడకి చెప్పడమంటే మైకులో చెప్పడమే. "చదివి తెలుసుకో వదినా," అంటూ రచయిత్రి గోడకేసి చూసింది.

ఎన్ని చేసినా కంప్యూటర్ కాసేపటికే ఠప్పుమంటోంది. ఇక లాభం లేదని డ్రైవరుగారు రిపేరు షాపుకి ఫోన్ చేశాడు.

"చేతినిండా పనుంది బాబాయిగారూ, గురువారం వస్తాను," అన్నాడు రిపేరతను. "అందాకా ఖాళీగా ఉన్నప్పుడల్లా దాన్ని పడుకోబెట్టండి. ఆపెయ్యక్కర్లేదు, పడుకోబెడితే చాలు, వేడి అదే తగ్గుతుంది. పని పడినప్పుడు మళ్ళీ లేపుకోవచ్చు."

డ్రైవరుగారికి ఈ మాట న్యాయంగా తోచింది. పొద్దస్తమానం నిలబడితే ఎవరికైనా ఒళ్ళు వేడెక్కదూ! వైర్లు ఊడకుండా డబ్బాని రెండు చేతులా పొదివి పట్టుకుని, నడుస్తున్నదాన్ని నడుస్తున్నట్టే పక్కనున్న మంచం మీద వాల్చాడు. చిల్లులున్న రేకు పరుపు వైపుకీ నున్నటి రేకు పైకీ వచ్చాయి. చూడ్డానికి ఇలాగే బాగుందనుకున్నాడు. తల ఎటో తేలక, లోపలి ఫ్యాన్ తిరిగేవైపే ముఖమని నిర్ణయించి అక్కడ దిండు ఆనించాడు.

కాసేపటికి దిండు కూడా వేడెక్కింది. మళ్ళీ ఫోన్ చేశాడు.

"పడుకోబెట్టారా?"

"పడుకోబెట్టాను నాయనా. ఇంకా కాలిపోతోంది."

"వింతగా ఉందే! లైటు మెల్లగా వెలుగుతూ ఆరుతూ ఉందా?"

ఆయన వంగి చూశాడు. "లేదు, గట్టిగా వెలుగుతోంది."

"అయితే పడుకోలేదు."

"కళ్ళెదుట పడుకునుంటే పడుకోలేదంటావేంటయ్యా!"

"మౌసు తగిలినా లేచిపోతుంది బాబాయిగారూ. ఎవరో కదిలిస్తున్నారు. కాస్త అలికిడి లేకుండా చూసుకోండి."

ఇక చూడాలి. గురువారం దాకా డ్రైవరుగారు ఇంట్లో మునివేళ్ళ మీద నడిచాడు. కుక్కర్ కూత వెయ్యబోతే పరిగెత్తి స్టవ్ ఆపాడు. పక్కింటి వదినగారు గుమ్మంలోంచే "వకీలేనా?" అని అరిస్తే నోటిమీద వేలేసుకుని మంచం వైపు చూపించాడు. ఆవిడ, ఎవరికో ఒంట్లో బాగోలేదనుకుని, జాలిపడి వెళ్ళిపోయింది.

గురువారం రిపేరతను వచ్చి గడపలోనే కొయ్యబారిపోయాడు.

"బాబాయిగారూ, ఇదేంటండీ?"

"నువ్వు చెప్పిందే. కాస్త మెల్లగా మాట్లాడు."

రిపేరతను సంచీ కింద పెట్టి, గోడకి ఆనుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. పడుకోబెట్టడమంటే తెర మీద ఒక మీట నొక్కడమని చూపించాడు. డ్రైవరుగారి ముఖం జేవురించింది. "మీట నొక్కమని చెప్పొచ్చుగా మరి!" అన్నాడు. ఆ మాట నిజమేనని అతనూ ఒప్పుకున్నాడు.

రేకు విప్పితే లోపల దుమ్ము దూదిలా పేరుకుని ఉంది. అరిగిన ఫ్యాన్ తీసి కొత్తది బిగించాడు. ప్రాసెసర్ మీద ఎండిపోయిన, వేడి లాగే పూతని తుడిచి మళ్ళీ రాశాడు. కింద గాలాడేలా రెండు చెక్కముక్కల మీద డబ్బాని నిలబెట్టాడు.

"ఇక రోజంతా నడిచినా ఆగదు," అన్నాడు.

"విన్నావా? ఇక నిన్ను ఆపేవాడు లేడు!" అన్నాడు డ్రైవరుగారు భార్యతో, పెళ్ళినాటి హుషారుతో. ఆవిడ గుండెల్లో రాయి పడినట్టు చూసింది.

ఆయన వంటింట్లోకి వెళ్ళి చెవులు రిక్కించాడు. కీబోర్డు చప్పుడు లేదు. కూరగాయలు తరిగాడు, పొయ్యి తుడిచాడు, తుడిచిన పొయ్యే మళ్ళీ తుడిచాడు. ఉండబట్టలేక వెళ్ళి చూస్తే తెర నిక్షేపంలా వెలుగుతోంది. డిటెక్టివ్ ఇంకా గొంతు సవరించుకుంటూనే ఉన్నాడు.

"ఏమైంది? మళ్ళీ వేడెక్కిందా?"

"వేడెక్కితే బాగుణ్ణు!" అందావిడ. "బాగుచేయించి నా కొంప ముంచారు కదండీ!"

"నేనా?"

"హంతకుడెవరో తెలిస్తే కదా రాయడానికి! అది ఠప్పుమన్నప్పుడల్లా నాకు ప్రాణం లేచొచ్చేది. వకీలు ఆ రోజు ఊళ్ళో లేడని నేనే రాశాను. డాక్టరుకి చెయ్యి విరిచాను. మేనల్లుడు రాయగా రాయగా మరీ మంచివాడైపోయాడు. ఇక ఎవరున్నారు? రేపు పత్రికవాళ్ళు ముగించేస్తారు. నేనింకెప్పుడూ రాయనండీ."

ఆవిడ ఏడ్చింది. డ్రైవరుగారికి నవ్వూ దుఃఖమూ కలిసొచ్చాయి. నవ్వు మింగేసి పక్కన కూర్చున్నాడు.

"నాదే తప్పులే," అన్నాడు. "వాడు పడుకోబెట్టమన్నాడు, పడుకోబెట్టాను. లేపమంటే లేపేవాణ్ణి. ఒక్క మాటకి ఇన్ని అర్థాలుంటాయని నాకేం తెలుసు?"

"నయం," అందావిడ ముక్కు చీదుతూ, "లేపెయ్యమన్నాడు కాదు. సుత్తి తెచ్చేవారు."

అని చప్పున ఆగిపోయింది. కొంగు చేతిలో అలాగే ఉండిపోయింది.

"ఏమండీ, మొదటి భాగంలో ఇంటి యజమాని పడుకోబోతూ కాపలావాడికి ఏం చెప్పాడు?"

భార్య రాసిందంతా ఆయనకి కంఠతా వచ్చు. "'తమ్ముడికి రైలుంది. తెల్లారకముందే లేపెయ్' అన్నాడు."

ఇద్దరూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. జైలు నుంచి వచ్చినవాడు, ఉప్పు తిన్న విశ్వాసం ఉన్నవాడు, యజమాని మాట జవదాటనివాడు. నిద్ర లేపమంటే, మనిషినే లేపేశాడు.

"పాపం, అందుకేనా గేటు దగ్గర వాడా ఏడుపు!" అన్నాడు డ్రైవరుగారు.

"మీరు వంటింట్లోకి వెళ్ళండి," అందావిడ. అప్పటికే ఆవిడ వేళ్ళు కీబోర్డు మీదున్నాయి. ఆ సాయంత్రం కంప్యూటర్ ఒక్కసారీ ఆగలేదు, ఆవిడా ఆగలేదు. ఆఖరి భాగం శుక్రవారం పొద్దున్నే వెళ్ళిపోయింది. అది అచ్చయ్యాక పక్కింటి వదినగారు వచ్చి, కాపలావాడేనని తను మొదట్నుంచీ అంటూనే ఉన్నానంది.

తర్వాత పత్రికవాళ్ళు ఇంకో సీరియల్ అడిగారు. డబ్బా చెక్కముక్కల మీద చల్లగా నడుస్తోంది. డ్రైవరుగారు క్రమం తప్పకుండా దుమ్ము దులుపుతున్నాడు. ఒక మధ్యాహ్నం ముందు గదిలో టైపు చప్పుడు ఆగిపోయింది. చాలాసేపు మళ్ళీ మొదలవలేదు.

"ఏమండీ," అని పిలిచిందావిడ, అటు తిరిగే. "దీన్ని కాసేపు పడుకోబెడతారా?"

ఆయన వచ్చి డబ్బా మీద చెయ్యి వేశాడు. చల్లగా ఉంది. భార్య ముఖం చూశాడు. మీట నొక్కడానికి ఆవిడ వేలు చాలు.

కంప్యూటర్ ఆపి, వైర్లన్నీ ఊడదీసి, డబ్బాని ఎత్తి మంచం మీద పడుకోబెట్టాడు, ఈసారి చిల్లుల వైపు పైకి. దిండు కూడా పెట్టాడు. మిగిలిన చోట్లో ఆవిడ నడుం వాల్చింది.

"ఏం చెప్పమంటారు ఎడిటరుగారూ," అన్నాడాయన ఫోన్‌లో, "మళ్ళీ వేడెక్కిందండీ. ముట్టుకుంటే కాలుతోంది."

ఫోన్ పెట్టేసి, టేబుల్ ఫ్యాన్ తెచ్చి ఆవిడ వైపు తిప్పాడు.