ఇతరములు: నవ్వు

పదకొండు గంటల నలభై రెండు నిమిషాలకు, బీకాం రెండో సంవత్సరం అకౌంటింగ్ పరీక్ష జరుగుతుండగా, మూడో వరుసలో కూర్చున్న అమ్మాయి నవ్వింది. హాల్లో ఉన్న నలభై మందికీ వినపడింది. కాపలా ఉన్న వృక్షశాస్త్రం మాస్టారు వచ్చి ఆమె జవాబు పత్రం తీసేసుకున్నారు.

ఆ అమ్మాయిని కాలేజీలో సస్పెన్స్ అంటారు. ట్రయల్ బ్యాలెన్స్‌లో డెబిట్ మొత్తం, క్రెడిట్ మొత్తం సమానంగా రావాలి. రాకపోతే ఆ తేడాని తాత్కాలికంగా సస్పెన్స్ ఖాతా అనే పద్దులో పడేస్తారు. ఆమె రాసిన ప్రతి పరీక్షలోనూ ఆ ఖాతా ఉంది. ఇదే పేపరు రెండుసార్లు తప్పింది. మూడోసారీ తప్పితే కాలేజీ జాబితాలోంచి పేరు తీసేస్తారు.

పొద్దున ఇంట్లోంచి బయల్దేరుతుంటే బాబాయి గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు. ఆయన బస్సు కండక్టరు.

"రోజుకి ఆరువందల మంది ఎక్కి దిగుతారే. డ్యూటీ దిగేసరికి నా సంచి లెక్క తేలుతుంది. నీకు కాగితం మీద ఇరవై పద్దులు తేలవా?"

"నీ సంచికి రెండు వైపులుండవు బాబాయ్."

"ఎందుకుండవు? పుచ్చుకోవడం, ఇవ్వడం. పుచ్చుకోవాల్సిన చోట ఇచ్చాననుకో, తేడా రెండింతలు చూపిస్తుంది. అందుకే తేడా రాగానే సగం చేస్తా. ఆ సగం ఎవరి దగ్గరుందో వెతుకుతా."

"దారికి అడ్డు లే. నా బస్సు పోతుంది."

"పోదులే, నేను రాందే అది కదలదు."

హాల్లో మొదటి లెక్కకే డెబిట్ వైపు రెండు లక్షల నలభై ఆరు వేల ఐదువందలు తేలింది. క్రెడిట్ వైపు రెండు లక్షల నలభై ఎనిమిది వేల మూడువందలు. తేడా పద్దెనిమిది వందలు. చెయ్యి అలవాటు కొద్దీ 'స' రాసింది. రాసి ఆగింది. పద్దెనిమిది వందల్లో సగం తొమ్మిది వందలు. పద్దుల మీదుగా వేలు దించుకుంటూ వచ్చింది. పదమూడో పద్దు, అమ్మకాల వాపసు, తొమ్మిది వందలు. అమ్మిన సరుకు వెనక్కొస్తే అది డెబిట్ వైపుండాలి. ఆమె క్రెడిట్ వైపు కూర్చోబెట్టింది. ఇటు తీసి అటు వేసింది. 'స' కొట్టేసింది. మళ్ళీ కూడింది. అటూ ఇటూ రెండు లక్షల నలభై ఏడు వేల నాలుగువందలు. అప్పుడు నవ్వింది.

వృక్షశాస్త్రం మాస్టారు ఆమెని వరండాలోకి తీసుకెళ్ళారు.

"ఎవరు చూపించారు?"

"ఎవరూ చూపించలేదు సార్. రెండు వైపులా ఒకటే వచ్చింది."

"వస్తే?"

"నాకెప్పుడూ రాలేదు సార్," అంది. అనగానే మళ్ళీ నవ్వొచ్చింది. చున్నీ నోటికడ్డం పెట్టుకుంది.

ఆయన పరీక్ష నేరాల ఫారం తీశారు. అందులో చీటీ, ఫోను, మాటలు, సైగలు అని నాలుగు గళ్ళున్నాయి. కలం నాలుగింటి మీదా తిరిగి కిందకొచ్చింది. 'ఇతరములు' అన్నచోట 'నవ్వు' అని రాశారు. విభాగం పెద్దగారి సంతకం పడితే ఆ ఫారం యూనివర్సిటీకి వెళ్తుంది. వెళ్తే పేపరు రద్దు అన్నారు. ఆ మాట విని ఆమె నవ్వు ఆగింది.

కామర్స్ విభాగం పెద్ద కళ్ళజోడు తుడుచుకుంటూ వచ్చారు. జవాబు పత్రం కనిపించగానే మొహం గోడ వైపు తిప్పుకున్నారు.

"పరీక్ష నడుస్తుంటే నేను చూడకూడదు. మీరే చూసి చెప్పండి. ఏం తప్పు చేసింది?"

"నవ్వింది సార్."

"ఎందుకు?"

"లెక్క సరిపోయిందట."

పెద్దాయన గోడతోనే మాట్లాడారు. "ఎవరిది, మన సస్పెన్స్‌దా?"

"అవును సార్," అంది ఆమె.

"మాస్టారూ, పత్రంలో సస్పెన్స్ అనే మాట ఎక్కడైనా ఉందేమో చూడండి."

వృక్షశాస్త్రం మాస్టారు పేజీలు తిప్పారు. "లేదు సార్. ఒకచోట 'స' అని రాసి కొట్టేసింది."

పెద్దాయన భుజాలు కదిలాయి. ముందు దగ్గేమో అనుకున్నారు ఇద్దరూ. తర్వాత ఆయన గోడకి చెయ్యి ఆనించి వంగారు. రెండేళ్ళుగా ఆమె పత్రాలు దిద్దింది ఆయనే. నవ్వుతూనే చెయ్యి చాచి ఫారం అందుకున్నారు, చదివారు, ఇంకా నవ్వారు.

"దీని మీద సంతకం పెడితే నా మీద ఇంకోటి నింపాలి మాస్టారూ. నేనూ పరీక్ష వేళ నవ్వాను."

"నింపొచ్చు సార్," అన్నారు వృక్షశాస్త్రం మాస్టారు. పెదవులు బిగించి అన్నారు కానీ, 'సార్' దగ్గర పట్టు తప్పింది. ఆయన నవ్వు హాలు దాకా వెళ్ళింది. లోపల ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత నలభై మందీ.

"ఫారాలెన్నున్నాయి?"

"ఇది కాక రెండు సార్."

"చాలవు," అని పెద్దాయన ఫారం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. "అమ్మాయ్, లోపలికెళ్ళు. ఇప్పటికి పదకొండు నిమిషాలు పోయాయి. అవి నేనివ్వలేను."

పదకొండు యాభై మూడుకి ఆమె జవాబు పత్రం వెనక్కి తీసుకుని బెంచీ మీద కూర్చుంది. హాలంతా తలలు దించుకుని పెదవులు కొరుక్కుంటోంది. ఆమె ప్రశ్న పత్రంలోంచి తల ఎత్తలేదు. ఎత్తితే ఎవరో ఒకరి కళ్ళు కలుస్తాయి. తరుగుదల లెక్క పూర్తయింది. భాగస్వామ్యం లెక్క సగంలో ఉండగా పన్నెండున్నర గంట కొట్టారు.

ఇరవై ఆరో రోజు మధ్యాహ్నం రెండున్నరకి ఫలితాలు నోటీసు బోర్డుకి అంటించారు. బాబాయి డ్యూటీ యూనిఫాంలోనే వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు.

"నెంబరు చెప్పవే."

"నువ్వు చూడకు. నేనే చూస్తా."

వేలు పెట్టి పైనుంచి దించుకుంటూ వచ్చింది. ఏడో వరుసలో ఆపింది. ఉత్తీర్ణతకి నలభై కావాలి. ఆమె నెంబరుకెదురుగా నలభై మూడు ఉంది.