కలపాల్సిన రాళ్ళు

ఫ్యాను ఆపేయడంతో ఆమె పని మొదలవుతుంది. గాలికి చిన్న రాళ్ళు దొర్లి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయని ఆ ఇంట్లో పెట్టుకున్న నియమం అది. వంటింటి కిటికీ దగ్గర బల్ల తుడిచి, తెల్లకాగితం పరిచి, చెమట కాగితం మీద పడకుండా చూసుకుంటూ, సానపెట్టని వజ్రాలను పట్టకారుతో రకాలవారీగా వేరు చేస్తుంది. చెబితే తప్ప అవి వజ్రాలని ఎవరూ అనుకోరు, పటికముక్కల్లా మసకగా ఉంటాయి. పని అయ్యాక లేచి చేతులు చాపాలి. అత్తగారు గోళ్ళసందులు చూసి, బట్టలు దులుపుకోమంటుంది. "నీ మీద అనుమానం కాదే, పద్ధతి" అంటుంది. కొడుకుల గోళ్ళు ఆవిడ ఎన్నడూ చూడలేదు.

జీతమా? "సొంత వ్యాపారానికి జీతమేంటి, ఓనరమ్మా?" అని మొగుడు నవ్వుతాడు. వ్యాపారం ఆమె పేరున పెట్టిన రోజు నిజంగానే మురిసిపోయింది. పెళ్ళి శుభలేఖ తర్వాత తన పేరు అచ్చులో చూసుకోవడం అదే మొదలు.

ఈరోజు బల్లమీద రెండు రకాల రాళ్ళున్నాయి. ఒకటి ప్రభుత్వం సీలు వేసిన పెట్టెలో, ఎక్కడివో చెప్పే ధ్రువపత్రంతో వచ్చింది. రెండోది మరిది తన గడ్డం గీసుకునే సామాను సంచిలో దాచి తెచ్చింది. పరాయి దేశంలో ఆ రాళ్ళు దొరికే ఊళ్ళను తుపాకులవాళ్ళు ఆక్రమించారు. రాళ్ళమ్మి మళ్ళీ తుపాకులే కొంటున్నారు. అందుకే అక్కడి రాయి దిగుమతి చేసుకుంటే జైలని చట్టం వచ్చింది.

"మధ్యాహ్నం తనిఖీ ఆయనొస్తాడు" అన్నాడు మొగుడు, అద్దం ముందు గుండీలు పెట్టుకుంటూ. "ఈలోపు పెట్టెలో నాసివి తీసెయ్. అంతే బరువుకి తమ్ముడు తెచ్చినవి కలిపెయ్. కలిశాక ఏది ఎక్కడిదో ఆ బ్రహ్మకి కూడా తెలీదు."

"పట్టుకుంటే?"

"అప్పుడు చూసుకుందాం."

"దిగుమతి నా పేరునే కదా. పట్టుకుంటే నన్నే కదా?"

అతను అద్దంలోంచే చూశాడు. "అబ్బో, ఓనరమ్మకి చట్టం కూడా వచ్చేసిందే! సంతకం పెట్టేటప్పుడు అడగలేదేం?"

"అడిగాను. పొయ్యిమీద పాలు చూసుకోమన్నారు."

అతను నవ్వలేదు. గుండీ మీదున్న వేళ్ళు ఆగిపోయాయి. ఆమె తల దించుకుంది. ఆ వేళ్ళు ఆగాక ఏమొస్తుందో ఆమె చెంపకు తెలుసు.

మరిది రాళ్ళను అత్తగారు కడగమంది. తన కూతురి టిఫిన్ డబ్బా తోమే సింకులోనే ఆమె కడిగింది. ఎర్రటి బురద తిరుగుతూ తూములోకి పోయింది. ఈ బురదలో మోకాళ్ళదాకా దిగి ఎవరో జల్లించి ఉంటారు. సాయంత్రం గట్టెక్కి వాళ్ళూ తనలాగే చేతులు చాపి ఉంటారు. అక్కడ గోళ్ళసందులు చూసేవాడి భుజాన తుపాకీ ఉంటుంది. తనను తీసుకుపోతే పిల్లకు జడ ఎవరు వేస్తారు? కలపకపోతే ఈ ఇంట్లో తను బతికేదెలా? ఎటు తిరిగినా భయమే. ఇన్నాళ్ళూ ఏ భయాన్నీ తను ఎంచుకోలేదు. అన్నీ ఎవరో చేతికిచ్చినవే.

పట్టకారు తీసుకుంది. రాయి పట్టుకున్న ప్రతిసారీ జారిపోయింది.

తలుపు చప్పుడైంది. ముందుగదిలో మొగుడి గొంతు తేనెలా మారింది. "రండి సార్, కూర్చోండి."

"యజమాని ఎవరు?" అన్నాడు తనిఖీ అధికారి.

"పేరు మా ఆవిడదండీ. తనకేం తెలీదు, అంతా నేనే చూస్తాను. ఏమోయ్, సార్‌కి టీ!"

ఆమె టీ లేకుండా వచ్చింది. ద్వారబంధం పట్టుకుని నిలబడింది.

"యజమానిని నేనండీ. లోపలికి రండి."

మొగుడు లేచాడు. అత్తగారు దారికి అడ్డంగా నిలబడి, అలవాటుకొద్దీ కోడలి చేతులవైపు చూసింది. ఆమె ఖాళీ అరచేతులు రెండూ చాపి చూపించి, ఆవిడను దాటుకుని నడిచింది.

తెల్లకాగితం మీద రాళ్ళు రెండు కుప్పలుగా ఉన్నాయి. మధ్యలో చెయ్యి పట్టేంత ఎడం.

"ఇవి పత్రంతో వచ్చినవి. అవి పత్రం లేకుండా వచ్చినవి. కలపమన్నారు. నేను కలపలేదు."

అధికారి ఆమెవంక, కుప్పలవంక చూశాడు. జేబురుమాలుతో మెడ తుడుచుకుని గోడమీది స్విచ్చుకేసి చెయ్యి చాపాడు.

"ఫ్యాను వెయ్యకండి," అంది ఆమె, ఆ ఇంట్లో మొదటిసారిగా ఆజ్ఞాపిస్తూ. "కలిసిపోతాయి."